30 వేలలో గ్రాఫిక్స్ కార్డు: కొత్త 8 జీబీదా, పాత 12 జీబీదా?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. 2020లో బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్ళి ఒక్కొక్క భాగమూ కొని తెచ్చి, ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటరు నాది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్ (సెకనుకు 75 ఫ్రేములు చూపగలది). ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) మాత్రం క్యాబినెట్‌తో పాటు వచ్చినదే. దాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంది.

ఈమధ్య వచ్చిన గేములు ఆడేటప్పుడు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల లెక్క) 50కి తగ్గడం లేదు గానీ, వీధి మలుపు తిరిగినప్పుడల్లా ఆట అర సెకను బిగుసుకుపోతోంది. ఎదురుగా ఉన్న దుకాణం బోర్డు మొదట అలికేసినట్టు కనబడి, నేను దాన్ని దాటిపోయే వేళకు అక్షరాలు తేలుతున్నాయి. 30 వేలు కూడబెట్టాను. ఆ డబ్బంతా పెట్టి కొత్త 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 తీసుకోవాలా, లేక తెలిసినవారు అమ్ముతామంటున్న 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 తీసుకుని కొంత మిగుల్చుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మేడ మీది గదిలో ఆడతాను, ఏసీ లేదు.

సమాధానం (కర్నూలు)

మీరు చెప్పిన దుకాణం బోర్డు సంగతిలోనే జబ్బు దాదాపు తెలిసిపోతోంది. కార్డుకున్న 4 జీబీ మెమరీ నిండిపోయి, ఇక చోటు లేని బొమ్మలు ర్యామ్‌లోకి వెళ్ళి అక్కడి నుంచి మళ్ళీ రావలసి వస్తున్నప్పుడే ఇలా మసకగా కనబడటం, బిగుసుకుపోవడం జరుగుతాయి. నిర్ధారించుకోవడానికి ఖర్చేమీ లేదు. మిగతా సెట్టింగులన్నీ అలాగే ఉంచి టెక్స్చర్లు (ఆటలో గోడలు, బోర్డుల మీద అతికే బొమ్మలు) ఒక్కటే మీడియంకు దించి, అదే వీధిలో మళ్ళీ తిరిగి చూడండి. బిగుసుకుపోవడం ఆగితే తప్పు మెమరీది. ఆగకపోతే ప్రాసెసర్‌ను అనుమానించాలి.

ఇక కార్డుల విషయంలో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటి ఉంది. మీ బీ450 మదర్‌బోర్డులో కార్డుకు డేటా వచ్చిపోయే దారి, అంటే పీసీఐఈ, పాత 3.0 తరం దగ్గరే ఆగిపోయింది. 5060 కార్డు ఆ దారిలో 8 లేన్లతోనే (వరుసలతోనే) పనిచేస్తుంది కాబట్టి, కొత్త బోర్డులో ఎలా ఉన్నా, మీ దగ్గర దానికి దక్కే దారి సెకనుకు సుమారు 8 జీబీ మాత్రమే. 3060 పాతదైనా 16 లేన్లనూ వాడుకుంటుంది కనుక దానికి ఇంచుమించు రెట్టింపు దొరుకుతుంది. మెమరీ సరిపోయినంత కాలం ఈ తేడా పెద్దగా కనబడదు. నిండిన రోజున మాత్రం ఇరుకు దారి మీద ఉన్న 8 జీబీ కార్డు, ఇప్పుడు మీరు పడుతున్న అవస్థనే మళ్ళీ చూపిస్తుంది. వేగంలో 5060 ముందున్న మాట నిజమే. అయితే దాని ప్రచారంలో సగం ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్తవి కల్పించి చేర్చడం) గురించే, 75 హెర్ట్జ్ మానిటర్ ముందు కూర్చున్నవారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

నా దృష్టిలో మీ బోర్డుకు సరైన జోడీ 2025 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ కార్డు. దానికి 16 లేన్లు ఉన్నాయి, కరెంటు 160 వాట్ల దగ్గర ఆగుతుంది. మీ బడ్జెట్ దాటుతుందని తెలిసే చెబుతున్నాను.

సమాధానం (కడప)

కార్డు పేరు తేల్చుకునే ముందు క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన పట్టికలో 12 వోల్టుల గడి చదవండి. 450 అన్నది అమ్మేవారు రాసుకున్న అంకె, ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణిస్తే వచ్చేది మీ కార్డుకూ ప్రాసెసర్‌కూ నిజంగా అందే కరెంటు. మీ 1650 75 వాట్లలోపు కార్డు గనుక ఇన్నాళ్ళూ గడిచిపోయింది. 3060కి 170, 5060కి 145 వాట్లు కావాలి, పైగా రెండింటికీ ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా 8 పిన్నుల వైరు రావాలి. వైరు లేదని హార్డ్ డిస్కు వైరుకు కన్వర్టర్ తగిలించే పని మాత్రం దయచేసి చేయకండి. నేను చేశాను. మూడో వారంలో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి చూస్తే, కనెక్టరు బెల్లం పాకంలా కరిగి పిన్నులకు అంటుకుపోయి ఉంది. కార్డు బతకడం నా అదృష్టం.

550 వాట్ల బ్రాంజ్ రకం (కరెంటు వృథా తక్కువని గుర్తు ఉన్న) ఎస్‌ఎంపీఎస్‌కు నాలుగైదు వేలు పక్కన పెట్టుకుని, మిగిలినదే కార్డుకు బడ్జెట్ అనుకోండి. మీ ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంటే దానిని కూడా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఆ రకంలో చాలావాటి సత్తా 360 వాట్లకు మించదు. కొన్ని చౌక యూపీఎస్‌లకూ మంచి ఎస్‌ఎంపీఎస్‌లకూ అసలు పొసగదు. కరెంటు పోయి యూపీఎస్ అందుకున్న క్షణంలోనే కంప్యూటరు ఆరిపోతుంది. బిగించిన రోజునే, ఆట నడుస్తుండగా యూపీఎస్ ప్లగ్గు స్విచ్ ఆపి చూసుకోవడం మంచిది.

సెకండ్ హ్యాండ్ 3060 విషయంలో కర్నూలు మిత్రులతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆ కార్డు వచ్చింది 2021 ఫిబ్రవరిలో. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ (గ్రాఫిక్స్ కార్డులతో ఆ క్రిప్టో కరెన్సీని సంపాదించడం) ఆగిపోయాక, రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు గుట్టలుగా అమ్మకానికి వచ్చాయి. అమ్మేవారు ఎంత తెలిసినవారైనా, మొదటి బిల్లు చూసి, వారి ఇంట్లోనే ఒక గంటసేపు ఆట నడిపించి, ఫ్యాన్ల చప్పుడు విని, అప్పుడే డబ్బివ్వండి. మామూలుగా ఉండే మూడేళ్ళ వారంటీ దాటిపోయి ఉంటే ధర ఆ మేరకు తగ్గించమని అడగడంలో మొహమాటపడనవసరం లేదు.

సమాధానం (అనంతపురం)

మన ఊరి ఎండ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక మాట. గది 28 డిగ్రీలున్నప్పుడు 70 చూపించే కార్డు, ఏప్రిల్‌లో మేడ మీద గది 40కి చేరితే 80 దాటుతుంది. ఎఫ్‌పీఎస్‌ను 75 దగ్గర కట్టేస్తే మానిటర్ చూపించలేని ఫ్రేముల కోసం కార్డు ఊరికే కాలిపోదు, యూపీఎస్ మీద బరువూ తగ్గుతుంది. వేసవిలో కూలర్ పెట్టుకుంటే దాని గాలి తెరిచిన క్యాబినెట్ మీదికి నేరుగా తిప్పకండి. మా బోరు నీళ్ళకు కూలర్ గడ్డి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఆ తేమ బోర్డుకు తగలడం నాకు నచ్చదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. టెక్స్చర్లు మీడియంకు దించాను, బిగుసుకుపోవడం పోయింది, దుకాణం బోర్డూ మొదటి చూపులోనే చదవగలుగుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ పట్టికలో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉంది, అంటే 192 వాట్లు. 450 అన్న అంకె ఎలా వచ్చిందో అర్థం కాలేదు. 8 పిన్నుల వైరు కూడా లేదు.

అందువల్ల ఈ వారం ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే కొంటున్నాను. 3060 అమ్ముతామన్నవారి దగ్గర బిల్లు లేదు గనుక దానిని వదిలేశాను. మీడియం టెక్స్చర్లతో ఇంకో రెండు మూడు నెలలు గడిపి, తక్కువ పడిన డబ్బు చేర్చి 16 జీబీ 9060 ఎక్స్‌టీ తీసుకుంటాను. క్యాబినెట్‌లో హార్డ్ డిస్కుల గూడు దాకా టేపు పెట్టి కొలిస్తే 27 సెంటీమీటర్లే వచ్చింది. మూడు ఫ్యాన్లవి చాలావరకు పట్టవు, కాబట్టి రెండు ఫ్యాన్ల కార్డే చూసుకోవాలి.