ఎడిన్‌బరా ఫ్రింజ్ టికెట్లు: ఆగస్టు శనివారానికి పని పంపకం

టికెట్ల బాధ్యత, ఎడిన్‌బరా:
అందరికీ నమస్కారమండి. సంఘం సభ మర్నాడు, శనివారం, ఎడిన్‌బరాలో ఏటా ఆగస్టులో జరిగే నాటకాల, కళల ఉత్సవం ఫ్రింజ్‌కి వెళ్తున్నాం. జాబితాలో 24 మంది. వాళ్లలో కోనసీమ, పాలకొల్లు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు 9 మంది. ఏ ఆట చూడాలన్న చర్చ తర్వాత పెట్టుకుందాం. ముందు ఏ పేటలో ఉండాలో తేల్చుకుంటే ఆటలు వాటంతటవే తేలతాయి.

ఈ ఉత్సవం 1947లో పిలుపు లేకుండా వచ్చిన 8 నాటక బృందాలతో మొదలైంది. ఇప్పటికీ బృందాలను ఎంపిక చేసే కమిటీ లేదు. జగ్గన్నతోట తీర్థానికి ఏ ఊరి ప్రభ ఆ ఊరే మోసుకొచ్చినట్టు, ఇక్కడ ఏ హాలు లెక్క ఆ హాలుదే. అందుకే ఫ్రింజ్ సైట్‌లో 'నో అలకేషన్ రిమైనింగ్' అని కనబడితే వదిలెయ్యకండి. హాలు నిండిందని దాని అర్థం కాదు, ఆ సైట్‌కి ఇచ్చిన వాటా అయిపోయిందంతే. ప్లెజెన్స్, అసెంబ్లీ, అండర్‌బెల్లీ, గిల్డెడ్ బెలూన్, ఇవన్నీ హాళ్లు నడిపే సంస్థలు, ఎవరి హాలైతే వాళ్ల సొంత సైట్‌లో వెంటనే చూడండి. మిలిటరీ టాటూ (సైనిక బ్యాండ్ల ప్రదర్శన), ఇంటర్నేషనల్ ఫెస్టివల్ వేరే సంస్థలవి, టికెట్లూ వేరే చోటే.

ఆట రద్దయితే తప్ప డబ్బు వెనక్కి రాదు. ఆలస్యంగా వెళ్తే చాలా హాళ్లలో లోపలికి పంపరు. ఎక్కువ హాళ్లలో సీటు నంబర్లు ఉండవు, ముందు వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు. 24 మందీ ఒక్క ఆర్డర్‌లో ఉంటే ఒక్క ఫోన్ కోసం అందరూ గుమ్మం దగ్గర ఆగాలి. ఆరుగురేసి నాలుగు జట్లు చేద్దాం. జట్టుకో ఆర్డర్, టికెట్లు జట్టు పెద్ద ఫోన్‌లో, స్క్రీన్‌షాట్ ఇంకొకరి దగ్గర.

అమలాపురం నుంచి:
అన్నయ్య గారూ, ఇక్కడ కొందరు తమ టికెట్లు తామే కొంటామంటున్నారండి. నేను వద్దంటున్నాను. బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉండకపోతే కార్డు పని చేయదు. ఓటీపీ ఇండియా సిమ్‌కే వస్తుంది. అక్కడికి వచ్చాక రోమింగ్ లేకపోతే అదీ అందదు. మీ కార్డు మీద కొనండి, రూపాయల లెక్క నేను రాసి వసూలు చేస్తాను. వీసా చేతికి రాకుండా ఎవరి పేరూ ఇవ్వను, డబ్బు వెనక్కి రాదన్నారు కాబట్టి. ఆగస్టులో మీకూ మాకూ తేడా నాలుగున్నర గంటలు. మీ మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేస్తే ఇక్కడ రాత్రి ఏడున్నర, పెద్దవాళ్లు మెలకువగా ఉంటారు.

ఇంకో మాటండి. మా అత్తయ్యా వాళ్లకి స్కాట్లాండ్ ఇంగ్లీషు అందదు. మాటలతో పని లేనివి చూడండి: సర్కస్, నాట్యం, సంగీతం.

నడక, పిల్లల బాధ్యత:
సర్కస్ మాట బాగుంది వదినా. మెడోస్ మైదానంలో సర్కస్ గుడారాలు వేస్తారు, నేల చదును. పక్కనే జార్జ్ స్క్వేర్, బ్రిస్టో స్క్వేర్ ఉన్నాయి. పెద్దవాళ్లను రోజంతా ఆ మూడు చోట్లే ఉంచుదాం.

మ్యాప్ చూసి మోసపోయేది కౌగేట్ దగ్గర. సౌత్ బ్రిడ్జ్, జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ ఆ వీధిని కోసుకుంటూ పోయినట్టు కనబడతాయి గానీ, వీధి వంతెనల కింద ఉంటుంది. మెట్లు దిగాలి, లేదా చుట్టు తిరగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కౌగేట్ హాళ్లు పెట్టొద్దు. ప్లెజెన్స్ కోర్ట్‌యార్డ్ నుంచి జార్జ్ స్ట్రీట్ అసెంబ్లీ రూమ్స్‌కి మనకే అరగంట నడక. ఆగస్టు జనంలో ఇంకా ఎక్కువ. ఆ రెండింటి మధ్య కనీసం గంట ఖాళీ ఉంచండి. పక్కపక్క హాళ్లయితే 40 నిమిషాలు చాలు, అంతకన్నా తగ్గించొద్దు, ఎందుకంటే క్యూలో పావుగంట ముందే నిలబడాలి.

పిల్లలకి కొనేముందు ఆట వివరాల్లో వయసు సూచన, బూతులు, మెరిసే లైట్ల హెచ్చరికలు చదవండి. చక్రాల కుర్చీ కావాల్సిన తాతయ్య గారికి మామూలు బుకింగ్ చేయకండి. ఫ్రింజ్ యాక్సెస్ బుకింగ్ వాళ్లను అడిగితే మెట్లు లేని హాలు చెబుతారు, తోడు వెళ్లేవారికి టికెట్ ఉచితంగా ఇస్తారు.

టికెట్ల బాధ్యత:
సరే. ఒక టికెట్ కొంటే ఒకటి ఉచితమనే ఆఫర్ సాధారణంగా ఉత్సవంలో మొదటి సోమ, మంగళవారాల్లోనే, మన శనివారానికి వర్తించదు. దానికోసం ఆగకండి. మనిషికి డబ్బు పెట్టి చూసేవి రెండే: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో రాయల్ మైల్ వీధి ప్రదర్శనలు, ఫ్రీ ఫ్రింజ్ ఆటలు. వాటికి ముందు టికెట్ అక్కర్లేదు గానీ, చివర్లో బకెట్ పట్టుకుని నిలబడతారు, కళాకారుల రాబడి అదే. జట్టు పెద్దలు పౌండ్ల నోట్లు దగ్గర ఉంచుకోండి. ఖాళీ చేతులతో లేచి రావద్దని మనవాళ్లందరికీ ముందే చెప్పండి.

చిన్న గదులవే ముందు నిండుతాయి, వాటిని ముందు కొంటాను. అమలాపురం నుంచి వీసా వచ్చిన పేర్లు, ఎవరికి మెట్లు పడవో ఆ వివరం ఆదివారంలోగా పంపండమ్మా. మూడో, నాలుగో జట్లకి పెద్దలు ఇంకా ఖాళీ, ఎవరు తీసుకుంటారో కింద రాయండి.