రద్దయిన చట్టాన్ని కోర్టు మళ్లీ ఎందుకు కొట్టేసింది? డ్రెడ్ స్కాట్ కేసులో సందేహం

ఎంఏ హిస్టరీ పరీక్షకి చదువుతున్నా, మూడు రోజులుగా ఒక్కచోటే ఆగిపోయాను. అమెరికాలో 1820 మిస్సోరీ ఒప్పందం ప్రకారం, ఫ్రాన్స్ నుంచి కొన్న లూసియానా భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశ గీతకు ఉత్తరాన, మిస్సోరీ తప్ప, బానిసత్వం ఉండకూడదు. 1854 కాన్సస్-నెబ్రాస్కా చట్టం ఆ గీతను తీసేసింది. మళ్లీ 1857 మార్చి 6న డ్రెడ్ స్కాట్ (స్వేచ్ఛ కోసం కోర్టుకెళ్లిన బానిస) కేసు తీర్పులో సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ టానీ అదే గీత రాజ్యాంగవిరుద్ధం అన్నారు!

స్కాట్ ఆ గీతకు ఉత్తరాన ఉన్న ఫోర్ట్ స్నెల్లింగ్ సైనిక స్థావరంలో ఉన్నది 1830లలో, అప్పటికి ఆ గీత అమల్లోనే ఉంది. కాబట్టి కేసుకి దాని సంబంధం అర్థమైంది. తీర్పు సారాంశం రెండుసార్లు చదివాను, లెక్చరర్‌ని అడిగితే ‘రెండూ రాసెయ్’ అన్నారు (మార్కులొస్తాయేమో గానీ నాకు అర్థం కావాలిగా).

1854లోనే పోయిన గీతను 1857లో చెల్లదనడం వల్ల బానిసత్వ విస్తరణను వ్యతిరేకించిన ఉత్తరాది రిపబ్లికన్ పార్టీవాళ్లకు కొత్తగా వచ్చిన నష్టం ఏమిటి?