క్రిస్మస్ హామ్‌కు తియ్యని గ్లేజ్: మాడకుండా నిగనిగలాడేలా పట్టించడం ఎలా?

ప్రశ్న (డల్లాస్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి వచ్చి డల్లాస్‌లో స్థిరపడి తొమ్మిదేళ్లయింది. చర్చిలో పరిచయమైన అమెరికన్ కుటుంబాలు ప్రతి క్రిస్మస్‌కూ మమ్మల్ని భోజనానికి పిలుస్తూ వచ్చాయి కనుక, పోయిన ఏడాది మేమే వారిని పిలిచి, మన బిర్యానీతో పాటు వారి అలవాటు ప్రకారం బల్ల మధ్య హామ్ (ఉప్పు పట్టించి నిల్వచేసిన పంది తొడ మాంసం) కూడా ఉంచాలనుకున్నాము. ఎముకతో ఉన్న 8 పౌండ్ల హామ్, ముందే పొరలు పొరలుగా కోసినది తెచ్చి, గ్లేజ్‌గా, అంటే మెరుపు కోసం పైన పట్టించే తియ్యని పూతగా, బ్రౌన్ షుగర్‌లో తేనె కలిపి మొదట్లోనే దట్టంగా పూసి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో రెండు గంటలు ఓవెన్‌లో ఉంచాను. గంట తిరగకముందే వాసన మారింది. తీసేసరికి పైన బొగ్గులాంటి పెచ్చు కట్టింది, ట్రే అడుగున చక్కెర రాయిలా గట్టిపడింది, పొరల అంచులు ఎండిపోయాయి. పెచ్చు వొలిచి వడ్డిస్తే అతిథులు మర్యాదగా తిన్నారు గానీ నా మనసుకు చాలా కష్టమనిపించింది. ఈసారి వారికి మంచి హామ్ పెట్టాలని గట్టిగా అనుకుంటున్నాను. గ్లేజ్ ఎప్పుడు పూయాలి, ఎంత చిక్కగా ఉండాలి, ఇంటి నుంచి వచ్చిన అనకాపల్లి బెల్లం దీనికి పనికివస్తుందా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (వర్జీనియా నుంచి)

మీరు కలిపిన వస్తువుల్లో దోషం లేదండి, పూసిన వేళే తొందరపడింది. పాకంలో నీరు ఉన్నంతసేపూ దాని వేడి నీరు మరిగే స్థాయిని పెద్దగా దాటదు. ఆ నీరు ఆవిరైపోయాక మిగిలిన చక్కెర ఓవెన్ వేడినంతా నేరుగా తీసుకుని ముందు ఎర్రబడి, ఆ వెంటనే చేదెక్కుతుంది. అందులోనూ తేనెలో ఉండే ఫ్రక్టోజ్ మామూలు పంచదార కన్నా చాలా తక్కువ వేడికే రంగు మారుతుంది కనుక, తేనె కలిపిన పూత రెండు గంటలు నిలవడం అసాధ్యం.

ముందుగా ప్యాకెట్ మీద హామ్ పూర్తిగా ఉడికినదే అని రాసి ఉందో లేదో చూసుకోండి. మా వర్జీనియాలో ఉప్పు పట్టించి నెలల తరబడి ఆరబెట్టే కంట్రీ హామ్ వేరే రకం, దాన్ని నానబెట్టి ఉప్పు దించాలి కనుక ఈ పద్ధతి దానికి సరిపోదు. మీరు తెచ్చిన రకమైతే ఇప్పటికే ఉడికి ఉంటుంది, ఓవెన్‌లో మనం చేసేది వేడి చేయడం మాత్రమే. కోసిన ముఖం కిందికి వచ్చేలా ట్రేలో పెట్టి, అడుగున ఒక కప్పు నీళ్లు పోసి, ఫాయిల్‌తో గాలి చొరకుండా మూసి, 325 డిగ్రీలలో పౌండుకు 12 నుంచి 15 నిమిషాల చొప్పున వేడి చేయండి. ఎముకకు తగలకుండా మాంసంలోకి గుచ్చిన థర్మామీటర్ 125 చూపినప్పుడు బయటికి తీసి ఫాయిల్ విప్పి, అప్పుడు గ్లేజ్ పూయండి. ఓవెన్‌ను 400కు పెంచి, పది నిమిషాలకొకసారి చొప్పున మొత్తం రెండుసార్లు బ్రష్‌తో పూస్తే చాలు. ఆ చివరి ఇరవై నిమిషాలు వంటింటిని వదలకండి. పూత అంచుల్లో చిన్న చిన్న బుడగలు లేచి, ముదురు తేనె రంగు వచ్చాక, లోపల 140 డిగ్రీలు చేరిందని చూసుకుని దించండి. ప్యాకెట్ విప్పకుండా వచ్చిన ఉడికిన హామ్‌కు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే ఉష్ణోగ్రత కూడా అదే.

8 పౌండ్లకు నేను వాడే పాళ్లు ఇవి: ఒక కప్పు బ్రౌన్ షుగర్, పావు కప్పు తేనె, రెండు పెద్ద చెంచాల డిజాన్ మస్టర్డ్ (ఫ్రెంచి పద్ధతి ఆవముద్ద), రెండు పెద్ద చెంచాల యాపిల్ సైడర్ వెనిగర్, చిటికెడు లవంగాల పొడి. ఉప్పు మాత్రం అసలు వేయవద్దు, హామ్‌లో కావలసినంత ఉంటుంది.

సమాధానం 2 (న్యూజెర్సీ నుంచి)

అమ్మా, బెల్లం చక్కగా పనికివస్తుంది. నేను ఆరేడేళ్లుగా దానితోనే చేస్తున్నాను, నా దృష్టిలో బ్రౌన్ షుగర్ కన్నా దాని రుచే లోతైనది. పావు కిలో బెల్లాన్ని తురిమి, పావు కప్పు నీళ్లలో కరిగించి, తప్పనిసరిగా వడకట్టండి, ఎందుకంటే అడుగున మిగిలే సన్నని ఇసుక హామ్ మీదికి వస్తే పంటికింద తెలిసిపోతుంది. తరువాత మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించాలి. మన వాళ్లకు ఇక్కడ ఉన్న సౌకర్యం ఏమిటంటే, పాకం చూడటం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య. చుక్క తీసి వేళ్ల మధ్య నొక్కితే గులాబ్ జామున్ పాకంలా జిగురుగా అంటుకోవాలి, తీగ సాగకూడదు. తీగ పాకం దాటి అరిసెల పాకం దాకా తెచ్చారంటే, అది చల్లారగానే గట్టిపడి బ్రష్‌కు రాదు, హామ్ మీద గాజుపెంకులా విరుగుతుంది. అలా ముదిరితే పారేయనక్కరలేదు, రెండు చెంచాల వేడి నీళ్లు కలిపి సన్నని మంట మీద మళ్లీ కరిగించండి.

మస్టర్డ్, వెనిగర్ దించిన తరువాతే కలపండి, అప్పుడు వాటి ఘాటు పోదు. వెనిగర్‌కు బదులుగా చిక్కని చింతపండు గుజ్జు ఒక పెద్ద చెంచా వేసినా బాగుంటుంది. బెల్లానికీ చింతపండుకూ ఉన్న పొత్తు మనకు కొత్త కాదు.

సమాధానం 3 (హ్యూస్టన్ నుంచి)

పైన చెప్పినవన్నీ సరైనవే, ఒక్క విషయం చేరుస్తాను. ముందే కోసిన హామ్‌లో పొరల మధ్యకు గ్లేజ్ పోయాలని చాలామంది ప్రయత్నిస్తారు, కానీ పొరలను విప్పితే ఆవిరి పోయి మాంసం ఎండుతుంది. పైన మాత్రం పూసి, మిగిలినదాన్ని గిన్నెలో పక్కన వడ్డించండి. కోయని హామ్ దొరికితే మాత్రం కొవ్వు మీద పావు అంగుళం లోతున వజ్రాకారంలో గాట్లు పెట్టి, ప్రతి గాటు కలిసేచోట ఒక లవంగం గుచ్చండి. కొవ్వు కరిగి ఆ గాట్లు విచ్చుకున్నప్పుడు పూత వాటిలోకి దిగుతుంది, చూడటానికీ ఎంతో అందంగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న ఒక పౌండు హామ్ ముక్క తెచ్చి బెల్లం, చింతపండు పూతతో ప్రయత్నించాను. మొదటి పూత పలచగా జారిపోయింది గానీ, పాకాన్ని మరో రెండు నిమిషాలు మరిగించి రెండోసారి పూసేసరికి ఎర్రని మెరుపుతో అంటుకుంది, చేదు ఎక్కడా తగలలేదు. పండుగ రోజు హడావిడి తగ్గడానికి పాకాన్ని ముందురోజే చేసి పెట్టుకోవచ్చునా?

సమాధానం 2 రాసినవారు

తప్పకుండా చేసుకోవచ్చు. సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, పూయడానికి పది నిమిషాల ముందు సీసాను వేడినీళ్ల గిన్నెలో నిలబెడితే మళ్లీ పలచబడుతుంది. మస్టర్డ్ మాత్రం ఆ రోజే కలపండి.