పోకర్ టోర్నమెంట్ల నుంచి క్యాష్ గేమ్‌కి (నేరుగా డబ్బుతో ఆడే ఆటకి) మారాను, కూర్చున్న ప్రతిసారీ పోతోంది. తేడా ఎక్కడ?

ఫ్రిస్కో_బాబాయ్:
అందరికీ నమస్తే. డల్లాస్ దగ్గర ఉంటాను. మూడేళ్లుగా వారాంతాల్లో చిన్న టోర్నమెంట్లు ఆడుతున్నాను, లెక్కేస్తే కొంచెం లాభంలోనే ఉన్నాను. కానీ ఎనిమిది గంటలు కూర్చుని ఉత్త చేతులతో తిరిగొస్తుంటే ఇంట్లో ఊరుకోవట్లేదు. అందుకే రెండు నెలలుగా ఇక్కడి కార్డ్ క్లబ్బులో 1/3 డాలర్ల నో లిమిట్ ఆడుతున్నా (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద బ్లైండ్లు 1, 3; ఆ పైన పందేనికి పరిమితి లేదు), ఎప్పుడంటే అప్పుడు లేచి రావచ్చని. 300తో కూర్చుంటాను. ఆరుసార్లలో నాలుగుసార్లు మొత్తం పోయింది.

నిన్నటి ఆట చూడండి. నాకు ఆసు, రాణి. 7 డాలర్లకి రేజ్ చేస్తే (పందెం పెంచితే) నలుగురు కాల్ చేశారు (అంతే పెట్టారు). ఫ్లాప్ (అందరికీ కలిపి మధ్యలో పరిచే మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు రాణి, ఆఠీను 8, కళావరు 4. నేను 20 వేస్తే ఒక్క పెద్దాయనే నిలిచాడు. టర్న్ (నాలుగో ముక్క) డైమండ్ 2. నేను 45, ఆయన 130. ఉన్నదంతా తోసేశాను. ఆయన దగ్గర రెండు 4లు, మధ్యలోదాంతో కలిపి మూడు. ఇది దురదృష్టమేనా?

ఆరో_సీటు:
కాదు బాబాయ్, అలవాటు. టోర్నమెంట్‌లో సగం దాటాక మీ దగ్గర 20, 25 బిగ్ బ్లైండ్లు ఉంటాయి, అక్కడ ఆసుతో పాటు పై జత దొరికితే కళ్లు మూసుకుని ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టేయడం), తప్పేం లేదు. ఇక్కడ 300 అంటే 100 బ్లైండ్లు. ఒక్క జతతో 100 బ్లైండ్లు పెట్టేశారు, అది కూడా టర్న్‌లో రేజ్ చేసిన పెద్దమనిషి మీద. ఆయన అంతకుముందు గంటలో ఎన్నిసార్లు రేజ్ చేశాడో గుర్తు తెచ్చుకోండి. చిన్న స్టేక్స్ లైవ్ టేబుల్ మీద టర్న్‌లో రేజ్ వచ్చిందంటే నూటికి తొంభై సార్లు రెండు జతలో, సెట్టో (చేతిలో జత, మధ్యలో అదే ముక్క ఇంకోటి).

అసలు తప్పు ఇంకా ముందే జరిగింది, ఆ 7 డాలర్లు. టోర్నమెంట్‌లో రెండుంబావు బ్లైండ్ల రేజ్ సరిపోతుంది, ఎందుకంటే యాంటీ (బ్లైండ్లు కాక ముందే పెట్టే ఇంకో మొత్తం) కూడా కలిపి ఎవరూ కదలకముందే పాట్‌లో (మధ్యలో చేరిన డబ్బులో) రెండున్నర బ్లైండ్లు ఉంటాయి, అవి దక్కినా చాలు. 1/3లో ఉండేది 4 డాలర్లే. దానికోసం చెత్త ముక్కలతో దొంగ రేజులు అనవసరం. మంచి ముక్కలొస్తే మాత్రం 15 పెట్టండి, ముందే ఎవరైనా లింప్ అయి (పెంచకుండా 3 మాత్రమే పెట్టి) ఉంటే మనిషికి ఇంకో 3 కలపండి. 7కి ఎవడైనా వస్తాడు.

రెండు 4ల సంగతి కూడా చెప్తాను. జత చేతిలో ఉంటే ఫ్లాప్‌లో సెట్ పడేది సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. 20 బ్లైండ్ల స్టాక్ (ముందున్న చిప్స్) ఉన్నవాడి మీద అది గిట్టదు. మీ దగ్గర 300 ఉంది, ఆయన పెట్టాల్సింది 7. పెద్దాయన చేసింది సరైన పనే, మీరే ఆయనకి అంత చవగ్గా ఇచ్చారు!

ఫ్రిస్కో_బాబాయ్:
ఆ 7 సంగతి తట్టనే లేదు అన్నా. మరి డ్రా (ఇంకో ముక్క పడితే పూర్తయ్యే చేయి) ఉన్నప్పుడు నేను ఎక్కువగా ఫోల్డ్ చేస్తాను (ముక్కలు వదిలేస్తాను), అదైనా కరెక్టేనా?

ఆరో_సీటు:
అది కూడా పాత భయమే. టోర్నమెంట్‌లో చిప్స్ రెట్టింపైతే బహుమతి రెట్టింపవదు, బయటికి పోతే ఆట అయిపోయినట్టే, అందుకే బహుమతుల దగ్గరికొచ్చేసరికి లాభమున్న కాల్ కూడా వదిలేస్తాం. ఇక్కడ చిప్పు అంటే డాలరే. 60 ఉన్న పాట్‌లో 20 అడుగుతున్నారంటే, అది ఆల్ ఇన్ అయ్యి, రెండు ముక్కలు ఇంకా రావాల్సి ఉంటే, తొమ్మిది ముక్కల్లో ఏది పడినా ఒకే గుర్తువి ఐదు పూర్తయ్యే ఫ్లష్ డ్రాకి మూడింట ఒకటికి పైగా అవకాశం ఉంది, కళ్లకద్దుకుని కాల్ చేయాలి. పోతే మళ్లీ 300 కొనుక్కుంటారు. అలా కొనుక్కోగలగాలంటే ఈ ఆటకని పక్కన పెట్టిన సొమ్ము 6000కి తగ్గకూడదు, ఇంటి ఖర్చుల ఖాతాలోంచి మాత్రం తీయొద్దు.

పేకముక్క:
ఒక మాట. టెక్సస్ క్లబ్బుల్లో ఎక్కువగా గంటకింతని సీటు డబ్బు కడతాం, పాట్‌లోంచి తీసుకోరు. వేగాస్ వెళ్తే లెక్క మారుతుంది, చాలాచోట్ల ప్రతి పాట్‌లోంచి పది శాతం, ఒక పరిమితి దాకా, పైగా జాక్‌పాట్ కోసమని ఇంకో డాలరో రెండో కోత. ఫ్లాప్ రాకుండా ముగిస్తే మామూలుగా కోత ఉండదు, కాబట్టి అక్కడ లింప్ అయి చిన్న పాట్లు ఆడితే గెలిచినా ఏమీ మిగలదు. పన్ను సంగతి కూడా చూసుకోండి, 2026 నుంచి అమెరికాలో జూదంలో పోయిన సొమ్ములో 90 శాతమే మినహాయింపుకి లెక్క. సెషన్ల పుస్తకం ఒకటి రాయండి, తేదీ, ఎంతతో కూర్చున్నారు, ఎంతతో లేచారు.

మణికొండ_కుర్రాడు:
అన్నలూ, నేను హైదరాబాద్. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ప్రాక్టీస్ చేయొచ్చా?

పేకముక్క:
వద్దు తమ్ముడూ. తెలంగాణలో 2017 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. గోవా క్యాసినోలకి వెళ్లడం ఒక దారి, విమానం ఖర్చు కూడా బై-ఇన్‌లో కలుపుకో.

ఫ్రిస్కో_బాబాయ్:
శనివారం మళ్లీ వెళ్లాను. 15కి రేజ్ చేస్తే ఇద్దరే వచ్చారు. ఒకచోట రాజుల జతతో ఉండగా టర్న్‌లో రేజ్ వచ్చింది, ప్రాణం ఉసూరుమంటున్నా ఫోల్డ్ చేశాను. ఆయన ముక్కలు చూపించలేదు, ఇప్పటికీ నిద్ర పట్టట్లేదు. నాలుగు గంటల్లో సీటు డబ్బుతో కలిపి 38 పోయాయి. ఆరో సీటన్నా, అదే పెద్దాయన వచ్చే వారం ఉంటే ఆయనకి ఎడమ పక్క కూర్చోవాలా, కుడి పక్కా?

ఆరో_సీటు:
ఆయన అంత బిగపట్టి ఆడేవాడైతే మీకు ఎడమ పక్కే ఉండనివ్వండి, అంటే మీరు ఆయనకి కుడి పక్క, మీ రేజులకి ఊరికే దారిస్తాడు. ప్రతిదానికీ రేజ్ చేసే కుర్రాడెవడైనా ఉంటే వాణ్ణి మాత్రం మీ కుడివైపు పెట్టుకోండి, మీకంటే ముందే ఆడాలి వాడు. సీటు ఖాళీ అవగానే డీలర్‌కి చెప్పండి, లేకపోతే ఇంకొకడు దూరిపోతాడు.