అప్‌డేట్: క్లాస్‌ని ఇన్‌హెరిట్ చేయొచ్చో లేదో కంపైల్ టైమ్‌లో తేలింది

ఒక క్లాస్‌ని ఇన్‌హెరిట్ చేయొచ్చో లేదో (అంటే దాన్ని బేస్‌గా పెట్టి కొత్త క్లాస్ రాయొచ్చో లేదో) కంపైల్ టైమ్‌లోనే ఎలా తెలుసుకోవాలని మొన్న అడిగాను, గుర్తుందా? నా సీ++ కంటైనర్ టెంప్లేట్, యూజర్ ఇచ్చిన కంపారేటర్‌ని (రెండు విలువల్లో ఏది ముందో చెప్పేది) బేస్ క్లాస్‌గా పెట్టుకుంటుంది. అది ఖాళీ క్లాస్ (లోపల డేటా ఏమీ లేనిది) అయితే కంటైనర్ సైజు 16 బైట్లకు బదులు 8తో సరిపోతుంది. మా టీమ్‌లో ఒకరు ఫైనల్ అని రాసిన (అంటే ఇన్‌హెరిట్ చేయనివ్వని) క్లాస్ ఇచ్చారు, బిల్డ్ ఢమాల్.

ముందు స్ఫినే ట్రిక్‌తో (టెంప్లేట్‌లో టైప్ సరిపోకపోతే కంపైలర్ ఎర్రర్ ఇవ్వకుండా దాన్ని వదిలేసే పద్ధతి) రెండు రోజులు కుస్తీ పట్టాను. లోపల ఒక డమ్మీ క్లాస్‌ని డిరైవ్ చేసి చూడటమన్నమాట. పనికిరాదు. తప్పు ఆ డమ్మీ క్లాస్ ఇన్‌స్టాన్షియేట్ అయ్యేటప్పుడు (అసలు టైప్‌తో తయారయ్యేటప్పుడు) వస్తుంది కాబట్టి కంపైలర్ పక్కకు తప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

మీరు చెప్పిన ఈజ్_ఫైనల్ (క్లాస్‌ని ఫైనల్ అని రాశారో లేదో చెప్పే లైబ్రరీ చెక్, సీ++14 నుంచి ఉంది) పనిచేసింది, కానీ ఒక్కటే చాలదు. ఫైనల్ అని రాయని యూనియన్‌కి (ఒకే చోట వేర్వేరు టైపుల్లో ఏదో ఒకటి ఉంచుకునేది), ఫంక్షన్ పాయింటర్‌కి కూడా అది ఫాల్స్ అనే అంటుంది. రెండింటినీ ఇన్‌హెరిట్ చేయలేం. అందుకే ఈజ్_క్లాస్ (యూనియన్ కాని క్లాసేనా అని చూసేది) ట్రూ, ఈజ్_ఫైనల్ ఫాల్స్, రెండూ కలిస్తేనే బేస్‌గా తీసుకుంటున్నా. లేదంటే మామూలు మెంబర్. లాంబ్డాలు (పేరులేని ఫంక్షన్లు) కూడా దర్జాగా బేస్ అయిపోతున్నాయి!

టైప్ పూర్తిగా డిఫైన్ అయ్యాకే అడగాలి, ఫార్వర్డ్ డిక్లరేషన్ (పేరు మాత్రమే ముందుగా చెప్పడం) చాలదు. అక్కడ ఇంకో గంట పోయింది.