మార్కులు తగ్గితే స్కూల్ ఫంక్షన్‌కి రానివ్వకూడదా?

మూడోవరస
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వార్షికోత్సవంలో ఆరుగురు కలిసి చేసే డాన్స్‌లో ఉంది. మూడు వారాలుగా ఇంట్లో ఎటు నడిచినా ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని లెక్కపెట్టుకుంటూనే నడుస్తోంది. నిన్న సర్క్యులర్ వచ్చింది. రెండు సబ్జెక్టుల్లో తప్పినవాళ్లు స్టేజీ ఎక్కకూడదట, అసలు ఆ సాయంత్రం స్కూలుకే రాకూడదట. మా పిల్లకి లెక్కలు, సైన్స్ రెండూ పోయాయి. పోయినందుకు ఇంట్లో పడాల్సిన చీవాట్లు పడ్డాయి. కానీ సైన్స్ తప్పితే డాన్స్ లాక్కోవడం ఏమిటో నాకు అంతుపట్టట్లేదు. ఇది క్రమశిక్షణా, కక్షా? టీచర్లు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

సుద్దముక్క
నేను టీచర్నే. మా స్కూల్లో ఇలాంటి రూల్ పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. తిట్టేది నన్నే తిట్టండి.

మేడమ్, ఫంక్షన్ నెలలో క్లాసు ఎలా ఉంటుందో ఒక్కరోజు వచ్చి చూడండి. 40 మందిలో 15 మంది రిహార్సల్ అని లేచిపోతారు. ఆ పాఠం ఎవరికి బాగా అవసరమో సరిగ్గా వాళ్లే ఉంటారు అందులో. రూల్ చెప్పిన వారానికి, ఏడాదంతా నోట్సు చూపించని పిల్లలు తెచ్చి బల్లమీద పెట్టారు. భయమో భక్తో, పని జరిగింది.

ఇది మేం కనిపెట్టిన వింతా కాదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1984లో ఏకంగా చట్టమే చేసింది. 'నో పాస్, నో ప్లే' అంటారు. ఒక్క సబ్జెక్టులో 70 కన్నా తగ్గినా ఆరు వారాలు ఆటలు, బ్యాండు అన్నీ బంద్. తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 1985లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టం పక్షానే తీర్పిచ్చింది. ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొనడం ప్రాథమిక హక్కు కాదంది.

చివరిబెంచి
సగం కథే చెప్పారు సార్. 1995లో అదే టెక్సాస్ ఆరు వారాలను మూడుకి తగ్గించింది. ఆ మూడు వారాలూ ప్రాక్టీసుకి మాత్రం రానివ్వమంది. అంటే పోటీకి దూరం పెట్టారు గానీ జట్టుకి దూరం పెట్టలేదు. మార్కులు సర్దుకుంటే పిల్లవాడు మళ్లీ ఆడొచ్చు. ఈ సర్క్యులర్లో అలా వెనక్కి వచ్చే దారేది? ఫంక్షన్ ఏడాదికి ఒకటే. పరీక్ష అయిపోయింది. ఇప్పుడా పిల్ల రాత్రింబవళ్లు చదివినా ఒరిగేదేమీ లేదు.

నన్నూ ఒకసారి ఇలాగే ఆపారు. ఏ స్కూలన్నది అనవసరం. 11 మందిమి. లైబ్రరీలో కూర్చోబెట్టి, తప్పిన ప్రశ్నలు మూడేసి సార్లు రాయమన్నారు. మైకు మోత గోడ దాటి వస్తూనే ఉంది. ఒక పాట మొదలవగానే పక్కవాడు "మనవాళ్లే రా" అన్నాడు. అందరం పెన్నులు ఆపేశాం. ఆ సాయంత్రం రాసిన జవాబుల్లో ఒక్కటీ గుర్తులేదు. రెండో చరణం మధ్యలో మైకు కీచుమనడం మాత్రం ఇప్పటికీ గుర్తే.

రెండోగంట
నేను టెన్త్ చదువుతున్నా. పెద్దవాళ్ల మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. సార్, నోట్సులు బల్లమీదకి వచ్చాయన్నారు కదా, ఎవరిది చూసి రాశారో అడిగారా? ఒకళ్ల నోట్సు రాత్రికి రాత్రి నలుగురం తిప్పుకుని రాసేస్తాం. పేజీలు నిండుతాయి, అంతే.

మా దగ్గరైతే రాకూడనివాళ్ల లిస్టు నోటీసు బోర్డుకి అంటించారు. ఫంక్షన్ పోతే ఒక సాయంత్రం పోతుంది. లిస్టులో పేరుంటే ఏడాదంతా 'ఆ లిస్టు బ్యాచ్' అంటారు. ఇంకో సంగతి, కొందరికి రావద్దంటేనే పండగ. స్పీచ్‌లు రెండు గంటలు ఎవరు వింటారు? శిక్ష పడేది రావాలని ఉన్నవాళ్లకే.

పొద్దువాలాక
అందరూ మార్కుల దగ్గరే ఆగిపోయారు, రిహార్సల్ టైముల మాటేమిటి? కిందటేడు చివరి వారమంతా మావాడు రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరేవాడు. తిని, హోంవర్క్ ముట్టుకునేసరికి పదిన్నర. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. పైగా ఈ వయసులో ఒంట్లో మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, తొందరగా పడుకోమన్నా నిద్ర పట్టదు. పొద్దున్నే మళ్లీ బడి. పిల్లల్ని రాత్రిదాకా ఉంచుకున్నది స్కూలే, మార్కులు తగ్గాయని ఆపేదీ స్కూలే. ముందు ఆ ప్రోగ్రాంని సగానికి కోయండి. ఒక్కో క్లాసుకి ఒక్క ఐటెం చాలు. మీ రూల్‌తో పనే ఉండదు.

సుద్దముక్క
రెండోగంట, ఆ నోట్సుల సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నా. లిస్టు అంటించడం మాత్రం శుద్ధ తప్పు, దాన్ని నేను వెనకేసుకురాను. వెనక్కి వచ్చే దారి లేదన్నదీ ఒప్పుకుంటా, ఆ కోణం మేం ఆలోచించలేదు. కానీ మొత్తం వదిలేయమంటే కుదరదు. రిహార్సల్ పేరు చెప్పి క్లాసు ఎగ్గొట్టినవాణ్ణి, తోటిపిల్లని ఏడిపించినవాణ్ణి ఆపే అధికారం టీచరుకి ఉండాలి.

చివరిబెంచి
ఏడిపించినవాణ్ణి నిక్షేపంగా ఆపండి. నలుగురితో మసలడం రానివాడికి నలుగురి మధ్య చోటివ్వట్లేదు, తప్పుకి తగ్గ శిక్షే. సైన్స్ రానివాడికి కావలసింది సైన్స్ చెప్పేవాడు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణం చూడండి. విశ్రాంతి, ఆట, సాంస్కృతిక కార్యక్రమాలు పిల్లల హక్కు అని రాసుంది. బాగా చదివితే ఇచ్చే బహుమతి అని లేదు.

సుద్దముక్క
ఒప్పందాలు చదివి క్లాసు నడపలేమండీ! అయినా బావుంది, స్టాఫ్ మీటింగ్‌లో చదివి వినిపిస్తా.

మూడోవరస
అందరికీ థాంక్స్. ఇవాళ వెళ్లి క్లాస్ టీచర్ని కలిశాను. గొడవ పడలేదు, రీటెస్ట్ పెడతారా అని మాత్రం అడిగాను. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి సోమవారం చెబుతామన్నారు. ఈలోగా ఒక మెట్టు దిగారు. చూడ్డానికి రావచ్చట, స్టేజీ మాత్రం ఎక్కకూడదట. సంతోషంగా ఇంటికొచ్చి చెబితే, "నేను కింద కూర్చుని చూడాలా?" అని తలుపేసుకుంది.

సాయంత్రం మిగతా ఐదుగురూ వచ్చారు. నేలమీద ఆరు రబ్బర్లు పేర్చి, ఒకటి తీసేసి, ఎవరు ఎటు జరగాలా అని తంటాలు పడుతున్నారు. మధ్యలో ఖాళీ వచ్చేస్తోంది. కాసేపటికి మా పిల్లే తలుపు తీసుకుని వచ్చి, కూర్చుని రబ్బర్లు సర్దింది. తీసేసిన ఆరోది మాత్రం డబ్బాలో వెయ్యలేదు, పక్కనే పెట్టుకుంది. సోమవారం సంగతి వచ్చి రాస్తాను.