నాటుకోళ్లకు కొక్కెర తెగులు: పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఏం చేస్తున్నారు?

కాశీనగర్ కోడలు:
సంక్రాంతి ఎల్లిన కాడి నుంచి మా వీధిలో కోళ్లు వరసపెట్టి పోతున్నాయి. రాత్రి బాగా మేసిన పెట్ట పొద్దున గంప ఎత్తేసరికి రెక్కలు వేలాడేసి మూలన కూర్చుంటోంది. ఆకుపచ్చగా పారుడు. పక్కింటి పుంజయితే మెడ మెలితిప్పుకుని ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. గింజ వేస్తే పొడవబోతుంది గానీ ముక్కు గింజ మీద పడదు, పక్కన నేల మీద పడుతుంది. మా అత్తగారు వెల్లుల్లి, పసుపు నూరి ఉండలు చేసి మింగిస్తున్నారు. మందుల షాపులో టెట్రాసైక్లిన్ పొడి అంటగట్టారు. మావి ఇంకా బాగానే ఉన్నాయి. ఏటి చెయ్యమంటారు?

వంశధార గట్టు:
కొక్కెరే (రాణిఖేత్ అంటారే, అదే), సందేహం లేదు. వైరస్ జబ్బమ్మా అది, టెట్రాసైక్లిన్‌కి లొంగదు. వచ్చాక మందు లేదు. అత్తగారి ఉండల వల్ల నష్టమేమీ లేదు, పెద్దావిడతో గొడవ పెట్టుకోకండి. ముందు మీ కోళ్లని వీధిలోకి వదలడం ఆపండి. గంప కిందే మేత, గంప కిందే నీళ్లు. పక్కింటి పెరట్లో తిరిగిన చెప్పులతో మీ కోళ్ల దగ్గరికి పోకండి.

పాతపట్నం పశువుల సహాయకుడు:
ఏటి ఇవతల ఆంధ్రా వైపే కాబట్టి నేనూ చెప్తాను. జబ్బు కనబడ్డ ఇంట్లో ఇప్పుడు సూది టీకా వెయ్యొద్దు. ఒకే సూది అన్నిటికీ పొడుస్తారు, రోగం దాంతోపాటే ఒకదాన్నించి ఇంకోదానికి ఎక్కుతుంది. బాగున్న ఇళ్లలో మాత్రం లసోటా (సూది లేని చుక్కల టీకా) వేయించుకోండి. వేసిన రోజునుంచే రక్షణ రాదు, వారం పది రోజులు పడుతుంది. ఈలోపే రోగం సోకి ఉన్న కోడి టీకా వేసినా పోతుంది, అప్పుడు ఊళ్లో వాళ్లు "టీకా వల్లే చచ్చింది" అంటారు. ఆ మాట పడటం మాకు అలవాటే.

కోడిపిల్లలకైతే 5 నుంచి 7 రోజుల మధ్య ఎఫ్‌వన్ టీకా గానీ లసోటా గానీ కంట్లోనో ముక్కులోనో ఒక్క చుక్క. నాలుగో వారంలో లసోటా మళ్లీ, నీళ్లలో కలిపి ఇవ్వొచ్చు. అందులో క్లోరిన్ నీళ్లు పనికిరావు, నుయ్యి నీళ్లు వాడి కాస్త పాలపొడి కలపండి. 8 వారాలు నిండాక ఆర్‌టూబీ అనే సూది టీకా, రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు. చిన్న కోడిపిల్లలకి ఆర్‌టూబీ వేశారో, టీకాయే చంపుతుంది. పెద్ద కోళ్లకి ఇంతవరకూ ఏ టీకా పడకపోతే ముందు లసోటా, తర్వాత ఆర్‌టూబీ. వేసేటప్పుడు మందు మీ కంట్లో పడితే కన్ను ఎర్రబడుతుంది, జాగ్రత్త.

రాయగడ నాటుపుంజు:
నాటుకోడికి ఇవన్నీ ఎందుకు? మా తాతల కాలంలో టీకాలున్నాయా? బతికినవి బతికాయి. వనరాజా, గ్రామప్రియ అని హైదరాబాద్ జాతి కోడిపిల్లల్ని తెచ్చుకున్నాకే ఈ బాధలన్నీ.

వంశధార గట్టు:
తాతల కాలంలో కూడా ఏడాదికోసారి ఊరి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయేవి బావా. మళ్లీ మొదటినుంచి పెంచుకునేవాళ్లు. కొక్కెరకి నాటుదా, వనరాజానా అని తేడా లేదు.

గుణుపురం మేకలాయన:
అసలు చిక్కు టీకాలో లేదు, సీసాలో ఉంది. చిన్న సీసా అన్నా వంద కోళ్లకి సరిపోతుంది. ఇంటికి ఎనిమిదో పదో కోళ్లు. ద్రావకంలో కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాల్సిందే. ఒక్క ఇంటి కోసం సీసా విప్పడానికి ఎవరికీ చేతులు రావు. పైగా ఆ ఒక్క ఇంటి కోళ్లూ రోజంతా తిరిగేది వీధి మొత్తం.

మా ఊళ్లో ఇప్పుడు వీధంతా ఒకటై చేస్తున్నాం. ముందురోజు సాయంత్రం టముకు వేయిస్తాం. తెల్లారకుండానే, గంపలు ఎత్తకముందే వేసేస్తాం. ఎత్తాక పట్టుకోవడం ఎవరి తరం? సీసా తెచ్చేది థర్మాస్‌లో, ఐస్ చేపలమ్మే ఆవిడ దగ్గర. ఎల్‌ఐ (పశువుల ఇన్‌స్పెక్టర్) బాబుకి ముందే ఫోన్ చేస్తే ఆయన గానీ, ఊళ్లో పశువులకి టీకాలేసే ప్రాణిమిత్ర గానీ వస్తారు, వేసే కూలీ ఇంటింటికీ పంచుకుంటాం. ఐస్ కరిగిపోయి గోరువెచ్చగా వచ్చిన సీసా నీళ్లతో సమానం. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ద్రావకం కూడా చల్లగానే ఉండాలి, దీన్ని చాలామంది పట్టించుకోరు.

కాశీనగర్ కోడలు:
అవతల ఒక ఆసుపత్రికి వెళ్తే ఆధార్ చూసి "మీది ఒడిశా కదా, మీ వాళ్లనే అడగండి" అన్నారు. ఇవతలికొస్తే డాక్టరుగారు సెలవు. కోడికి ఆధార్ ఎక్కడ తేను?

పాతపట్నం పశువుల సహాయకుడు:
అది మీ తప్పు కాదు. సర్కారు సరుకు రాష్ట్రం లెక్కలో వస్తుంది, దాటించి ఇవ్వడానికి మాకూ చేతులు కట్టేసి ఉంటాయి. మీ ఎల్‌ఐని పట్టుకోండి, ఒడిశాకి భువనేశ్వర్‌లో సొంత టీకాల సంస్థే ఉంది. కాదంటే ప్రైవేటు షాపులో లసోటా దొరుకుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నాడా లేదా అన్నది మీ కళ్లతో చూసుకోండి.

బరంపురం కుర్రాడు:
ఇది బర్డ్‌ఫ్లూ కాదని గ్యారంటీ ఏంటి? 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది కదా.

పాతపట్నం పశువుల సహాయకుడు:
చూసి చెప్పలేం, రెండింటి లక్షణాలూ కలుస్తాయి. ఒక్కసారిగా గుంపులు గుంపులుగా పోతే, జుట్టూ కాళ్లూ నీలంగా కమిలిపోతే ఎవరూ ముట్టుకోకుండా కబురు పెట్టండి, నమూనా ల్యాబ్‌కి పంపాలి.

సంత దారి:
ఇక్కడ ఎవరూ అనని మాట నేనంటాను. రోగం మొదలయిందని తెలియగానే మనమే సగం ధరకి వ్యాపారికి అమ్మేస్తాం. అతను అదే సైకిల్ బుట్టలో పక్క సంతకి పట్టుకుపోతాడు. కొన్నాళ్లకే ఆ సంత చుట్టూ ఊళ్లన్నిటా కొక్కెరే. చచ్చినవి గెడ్డలో పడేస్తాం, దిగువ ఊరి కోళ్లు ఆ నీళ్లే తాగుతాయి. గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చడానికి గంట పట్టదు. సంతలో కొన్న కోడిని ఇంటికి తెచ్చాక రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచండి.

గుణుపురం మేకలాయన:
దీనికే ఇలా ఉంటే కోరాపుట్ వైపు పశువులకి దొమ్మ (ఆంత్రాక్స్) వచ్చినప్పుడు చూడాలి. ముక్కులోంచి, మలద్వారంలోంచి నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారే పశువుని కొయ్యనే కొయ్యకూడదు. అయినా మాంసం పంచుకున్నవాళ్లు ఉన్నారు, చేతుల మీద పుండ్లతో ఆసుపత్రికి చేరినవాళ్లూ ఉన్నారు.

మేకలున్న వాళ్లకి ఇంకో మాట. పారుడు రోగానికి పీపీఆర్ టీకా నాలుగు నెలలు నిండిన పిల్లలకి ఒకసారి వేయిస్తే మూడేళ్లు చూసుకోనక్కర్లేదు. చిటుక రోగానిది వేరు, అది వానలకి ముందు ప్రతి ఏడూ. మొదటిసారైతే రెండు వారాలకి ఇంకో డోసు. లేత గడ్డి మేసి పొట్ట పట్టిన మేక పొద్దుటికి లేవదు. చూలు తొలిరోజుల్లో ఉన్న మేకకి ఆల్బెండజోల్ పట్టొద్దు, పిల్ల లోపంతో పుడుతుంది. నట్టల మందుకి తొందరేమీ లేదు, ఆగండి.

కాశీనగర్ కోడలు:
ఎల్‌ఐ బాబు ఫోన్ ఎత్తారు! వీధిలో ఇంటింటికీ చెప్పాం, రోగం తగలని ఇళ్లవి కలిపితే ఒక సీసాకి సరిపోతాయి. ముందు లసోటాయే అన్నారు. ఒక్క అనుమానం: ఒక పెట్ట పొదుగుతోంది, ఇంకోటి గుడ్లు పెడుతోంది. వీటికి తర్వాత ఆర్‌టూబీ వేయొచ్చా?

పాతపట్నం పశువుల సహాయకుడు:
గుడ్లు పెట్టేదానికి ఆర్‌టూబీ పడితే కొన్నాళ్లు గుడ్లు తగ్గిపోతాయి. దానికి లసోటాయే మళ్లీ ఇవ్వండి. పొదిగే పెట్టని ఇప్పుడు కదపకండి, పిల్లలు దిగాక తల్లికీ పిల్లలకీ కలిపి చూసుకోవచ్చు. పిల్లలు ఎప్పుడు దిగుతాయో లెక్క చూసి ఆ తేదీ ఎల్‌ఐకి ముందే చెప్పి పెట్టండి, మళ్లీ సీసా విప్పేది ఎప్పుడో ఏమో.